తమ్ముడి చేతికి కర్ర ఇచ్చింది రోగమేనా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లాలో ఒక చిన్న పట్టణం. మా తమ్ముడికి ఇరవై ఏడేళ్లు. పాలిటెక్నిక్ చదివి హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాడు. కొన్నాళ్లకు చెవిలో ఎవరో మాట్లాడుతున్నారని, తనను చంపాలని చూస్తున్నారని అనడం మొదలుపెట్టాడు. గాలి సోకిందని అమ్మ గుళ్లకూ దర్గాలకూ తిప్పింది. చివరికి ప్రభుత్వాసుపత్రిలో చూపిస్తే స్కిజోఫ్రీనియా అన్నారు. మందులతో బాగా తేరుకున్నాడు, పొగాకు కొనేవాళ్ల దగ్గర లెక్కలు రాసే పని కూడా చేశాడు. నిరుడు నాన్న పోయారు. తమ్ముడి పని పోయింది. మందులు మానేశాడు. తాగుడు మొదలుపెట్టాడు. మూడు వారాల క్రితం, పక్కింటి పెద్దాయన మా నీళ్ల ట్యాంకులో ఏదో కలుపుతున్నాడంటూ కర్రతో ఆయన తల మీద కొట్టాడు. కుట్లు పడ్డాయి, ప్రాణాపాయం తప్పింది. తమ్ముడు ఇప్పుడు సబ్ జైలులో రిమాండులో ఉన్నాడు. పిచ్చివాళ్లతో ఎప్పటికైనా ఇంతేనని వీధంతా అంటోంది. పిచ్చి అని చెబితే కేసు కొట్టేస్తారని తెలిసినాయన ఒకరు చెప్పారు. అసలు ఆ మాటే ఎత్తవద్దని అమ్మ అంటోంది. రోగమే వాణ్ణి నేరస్తుణ్ణి చేసిందా? మా తొమ్మిదేళ్ల అబ్బాయికి మేనమామ పోలికలు వస్తాయని మా అత్తగారు రోజూ అంటున్నారు. తమ్ముడు బయటికి వస్తే మా ఇంట్లో పెట్టుకోవచ్చా? — ఒక అక్క

సమాధానం:

అమ్మా,

మీరు అడిగిన వాటికి వచ్చేముందు ఒక పని చెబుతాను. మీ తమ్ముడు రిమాండుకు వెళ్లిన ఈ మూడు వారాల్లో అతనికి మందులు అందుతున్నాయా? మీ అమ్మగారు రోగం సంగతి ఎత్తవద్దన్నారంటే జైలు వైద్యుడికి కూడా తెలియకపోయి ఉండవచ్చు. ఇంట్లో ఉన్న పాత ఓపీ చీటీలు, మందుల షాపు బిల్లులు, మాత్రల ఖాళీ అట్టలు అన్నీ ఒక సంచిలో వేసుకుని రేపే వెళ్లండి. మా తమ్ముడికి ఫలానా రోగం ఉంది, ఫలానా మందులు వాడేవాడు, మానేసి ఇన్నాళ్లయింది, మానసిక వైద్యుడికి చూపించండి అని సూపరింటెండెంట్ పేర కాగితం రాసి, చీటీల నకళ్లు జతచేసి ఇవ్వండి. రెండో ప్రతి మీద ముట్టినట్టు సంతకం తీసుకోండి. ఇది మీరు బతిమాలి పొందే ఉపకారం కాదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లో 103వ సెక్షన్ ఉన్నదే ఖైదీల కోసం. జైలు వైద్యాధికారి మూడు నెలలకోసారి మానసిక ఆరోగ్య సమీక్ష బోర్డుకు నివేదిక పంపాలని కూడా అందులో ఉంది. మన దేశపు జైళ్లలో జరిగే అసహజ మరణాల్లో ఎక్కువ భాగం ఆత్మహత్యలే కాబట్టి ఈ కాగితం విషయంలో వాయిదా వద్దు. అమ్మగారి భయం నాకు అర్థమవుతుంది. కానీ వీధంతా ముందే మాట్లాడుకుంటున్న సంగతిని వైద్యుడి దగ్గర ఒక్కచోట దాచి ఏం సాధిస్తాం?

ఇక మీ మొదటి ప్రశ్న. రోగమే నేరస్తుణ్ణి చేసిందా అని అడిగారు. దీనికి జనం దగ్గర రెండు జవాబులున్నాయి. వీధి జవాబు మీరే రాశారు. రెండోది చదువుకున్నవాళ్ల జవాబు: మానసిక రోగానికీ హింసకూ ఏ సంబంధమూ లేదు, అదంతా అపోహ అంటారు. మొదటిది అన్యాయం. రెండోది మర్యాదగా వినిపిస్తుంది కానీ మీ ఇంట్లో జరిగినదానికి సరిపోదు. పక్కింటాయన నీళ్లలో విషం కలుపుతున్నాడన్న నమ్మకం రోగం నుంచి వచ్చిందే. ఆ నమ్మకం లేకపోతే ఆ రోజు ఆ కర్ర లేచేది కాదు. మీకు ధైర్యం చెప్పాలని ఆ మాట నేను మింగేయను.

అయితే అదే రోగం, అలాంటి నమ్మకాలే ఉన్నవాళ్లు లక్షల మంది ఎవరి మీదా చెయ్యెత్తకుండా బతుకుతున్నారు. మీ తమ్ముడు కూడా మందులు వేసుకుంటూ లెక్కలు రాసుకున్నంతకాలం అలాగే బతికాడు. కాబట్టి అడగాల్సింది రోగం ఉందా లేదా అని కాదు. ఆ రోగం చుట్టూ ఆ సమయంలో ఏమేమి చేరాయి అని అడగాలి.

దీని మీద అమెరికాలో పెద్ద పరిశోధనలు జరిగాయి. 1998లో వెలువడిన ఒకదానిలో మూడు నగరాల మానసిక వైద్యశాలల నుంచి ఇంటికి వెళ్లిన వెయ్యిమందికి పైగా రోగులను ఏడాదిపాటు గమనించారు. వాటిలో పిట్స్‌బర్గ్ అనే నగరంలో రోగులు కాపురమున్న వాడల్లోనే ఇరుగుపొరుగువారిని కూడా ప్రశ్నించి రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టారు. తాగుడు, మత్తుమందుల అలవాటు లేని రోగులకూ, ఆ అలవాటు లేని ఇరుగుపొరుగుకూ మధ్య హింసలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మత్తు చేరితే మాత్రం రెండు వైపులా హింస పెరిగింది. మత్తు అలవాటు రోగుల్లోనే ఎక్కువగా ఉంది. ఆ వాడలు కూడా పేదవాడలే.

2009లో వచ్చిన మరొకటి దాదాపు 35 వేల మంది వివరాలతో చేసినది. తీవ్రమైన మానసిక రోగం ఒక్కటే ఉంటే దాన్నిబట్టి రేపు హింసకు దిగుతారని చెప్పలేమని తేలింది. మరి వేటినిబట్టి చెప్పవచ్చు? పూర్వం కొట్లాటల చరిత్ర, చిన్నప్పుడు తిన్న దెబ్బలు, తల్లిదండ్రుల్లో ఎవరైనా అరెస్టయి ఉండటం, మత్తు, ఉద్యోగం లేకపోవడం, ఈమధ్యే విడాకులు కావడం, తామే ఎవరి చేతిలోనో దెబ్బతిని ఉండటం, చుట్టూ ఉన్నవాళ్లు తనకు హాని తలపెడుతున్నారన్న అనుమానం. ఈ జాబితాలోని మత్తు, పని లేకపోవడం, అనుమానం మూడూ మీ ఉత్తరంలో ఉన్నాయి. 'నిరుడు నాన్న పోయారు. తమ్ముడి పని పోయింది. మందులు మానేశాడు. తాగుడు మొదలుపెట్టాడు' అని వరుసగా రాశారు చూడండి, మీ ప్రశ్నకు జవాబు మీకు తెలియకుండానే అక్కడ రాసేశారు.

ఇవన్నీ అమెరికా లెక్కలు, మన ఊళ్లకు అచ్చంగా వర్తించాలని లేదు. అక్కడి తుపాకులు వేరు, ఇక్కడి కుటుంబాలు వేరు. అయినా దిశ మాత్రం తెలుస్తుంది. తీవ్ర మానసిక రోగాలన్నీ రేపు మాయమైపోయినా సమాజంలోని హింస తగ్గేది నూటికి నాలుగు పాళ్ల వరకేనని అక్కడివాళ్లు అంచనా కట్టారు. మిగతా తొంభై ఆరు పాళ్లూ ఆ రోగాలు లేకపోయినా మిగిలి ఉండేవే. అంతెందుకు, 2005లో షికాగోలో జరిగిన ఒక అధ్యయనం తిరగేసి చూసింది. తీవ్ర మానసిక రోగం ఉన్నవాళ్లలో నాలుగోవంతు కంటే ఎక్కువమంది ఒక్క ఏడాదిలో ఏదో ఒక హింసాత్మక నేరానికి గురయ్యారు. మామూలు జనంతో పోలిస్తే పదకొండు రెట్లకు పైన. మీ తమ్ముణ్ణి ఈ ఏడాదిలో వీధిలో ఎవరూ కొట్టలేదా, పిల్లలు రాళ్లు వేయలేదా, తాగించి ఆడించలేదా? మీరు రాయలేదు, ఒకసారి అమ్మగారిని అడిగి చూడండి. ఆ సంగతి మీ వకీలుకు కూడా అవసరమవుతుంది.

మందులు ఎందుకు మానేశాడన్నది నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపిస్తోంది. నెలనెలా ఆసుపత్రికి వెంటబెట్టుకు వెళ్లి మందులు తెచ్చింది మీ నాన్నగారేనేమో అని నా అనుమానం. చాలా ఇళ్లలో ఈ పని ఒక్క మనిషి మీద నడుస్తుంది. ఆ మనిషి పోయినా, మంచాన పడినా చికిత్స ఆగిపోతుంది. బస్సు చార్జీలు, ఒక రోజు కూలి, ఓపీ దగ్గర వరుస, డాక్టరు బదిలీ అయితే మళ్లీ మొదటినుంచి చెప్పుకోవడం, ఇవన్నీ చూసి 'బాగానే ఉన్నాడు కదా' అని ఒక నెల వాయిదా వేస్తారు. స్కిజోఫ్రీనియాలో ఉన్న చిక్కే అది. మందు ఆపిన మర్నాడే ఏమీ కాదు. కొన్ని వారాలో నెలలో బాగానే గడుస్తాయి, మందు అక్కరలేదని నమ్మకం కుదురుతుంది, ఆ తర్వాత నిద్ర పట్టదు, అనుమానాలు వస్తాయి. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ 2015–16లో 12 రాష్ట్రాల్లో చేసిన సర్వేలో, తీవ్రమైన మానసిక రోగాలున్నవాళ్లలోనే నలుగురిలో ముగ్గురికి దాదాపుగా చికిత్స అందడం లేదని తేలింది. చికిత్సకూ హింసకూ లంకె ఎంత గట్టిదో చెప్పే లెక్క కూడా ఉంది. ఇలాంటి రోగంలో హత్య దాకా వెళ్లే అవకాశం మొదటి చికిత్సకు ముందు, తర్వాతికంటే పదిహేను రెట్లు ఎక్కువని 2010లో పలు దేశాల సమాచారం కలిపి చూసినవారు చెప్పారు. చికిత్సలో ఉన్నవాళ్ల విషయంలో అది ఏడాదికి తొమ్మిది వేల మందిలో ఒకరి లెక్క. గుళ్లకూ దర్గాలకూ తిరిగిన కాలం గండం లేకుండా గడిచిందంటే మీ కుటుంబానికి అదృష్టం తోడుండబట్టే.

తాగుడు గురించి నేను మీకు కొత్తగా చెప్పేదేమీ లేదు. 1990ల మొదట్లో మీ పొరుగు జిల్లా నెల్లూరులో, దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాన్ని మూయించినప్పుడు వాళ్లకు ఏ పరిశోధనా పత్రమూ అక్కరలేకపోయింది.

మీ వీధివాళ్ల మాట గురించి ఇంకొంచెం చెప్పాలి. పుట్టుకతో నేరస్తులు అనే ముద్ర మన నేలకు కొత్త కాదు. మీకు దగ్గర్లోనే, బాపట్ల వైపు, స్టూవర్టుపురం ఉంది. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో నేరస్త తెగల చట్టం తెచ్చి, 1911 నాటికి దాన్ని మద్రాసు రాష్ట్రానికి కూడా విస్తరించి, ఎరుకల కుటుంబాలను తెచ్చి అక్కడ నివాసంలో పెట్టింది. హాజరు పలకాలి, అనుమతి చీటీ లేకుండా ఊరు దాటకూడదు. దొంగతనం చేసినవాడికీ చేయనివాడికీ, నిన్న పుట్టిన బిడ్డకూ ఒకటే నిబంధన. 1952లో ఆ చట్టం రద్దయింది. ఊరి పేరుకు అంటిన మచ్చ మాత్రం రద్దు కాలేదు. పనికి పిలవరు, నమ్మరు, ఎక్కడ దొంగతనం జరిగినా ముందు అక్కడికే వెళ్తారు. అలా బతకడానికి దారులన్నీ మూసేసి, చివరికి ఎవరో ఒకరు దొంగతనం చేస్తే 'చెప్పాం కదా, రక్తంలోనే ఉంది' అనడం. మానసిక రోగుల విషయంలో మనం ఇప్పుడు చేస్తున్నది ఇంతకంటే భిన్నమేమీ కాదు. ఇల్లు అద్దెకివ్వం, పనిలో పెట్టుకోం, పెళ్లిపందిట్లో పక్కన కూర్చోనివ్వం. పని లేక, పలకరించేవాళ్లు లేక మద్యం దుకాణం దగ్గర చేరినవాడు ఒక రోజు కర్ర ఎత్తితే రోగం వైపు వేలు చూపిస్తాం. మీ తమ్ముడి పని ఎందుకు పోయిందో కూడా మీరు రాయలేదు. రోగం సంగతి యజమానికి తెలిసి పోయిందా?

ఇప్పుడు కేసు. పిచ్చి అని చెబితే కొట్టేస్తారన్న మాటను పూర్తిగా నమ్మకండి. అలాగని కొట్టిపారేయకండి కూడా. చట్టం ఇక్కడ రెండు వేరువేరు ప్రశ్నలు అడుగుతుంది. జనం వాటిని కలిపేసి గందరగోళపడతారు.

మొదటి ప్రశ్న: కర్ర ఎత్తిన ఆ క్షణంలో అతని మనసు ఎలా ఉంది? భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్ ప్రకారం, మతిస్థిమితం లేని కారణంగా తాను చేస్తున్న పని ఏమిటో, అది తప్పో, చట్టవిరుద్ధమో తెలుసుకోలేని స్థితిలో చేసినది నేరం కాదు. 2024 జులై 1కి ముందు ఇదే భారత శిక్షాస్మృతిలో 84వ సెక్షన్‌గా ఉండేది. దీని మూలం లండన్‌లో ఉంది. 1843లో డేనియల్ మెక్‌నాటెన్ అనే కట్టెపని చేసేవాడు, ప్రధాని పార్టీవాళ్లు తనను వేటాడుతున్నారన్న భ్రమలో ప్రధాని కార్యదర్శిని కాల్చి చంపాడు. అతణ్ణి నిర్దోషిగా తేల్చినందుకు గగ్గోలు పుడితే న్యాయమూర్తులు కూర్చుని రాసిన సూత్రాలే 1860లో మన శిక్షాస్మృతిలోకి వచ్చాయి. అందుకే అవి ఇంత ఇరుకు. డాక్టరు రోగం ఉందని రాసిచ్చినంత మాత్రాన కోర్టు ఒప్పుకోదు. వైద్యులు చెప్పే రోగం వేరు, చట్టం అడిగే స్థితి వేరు అని సుప్రీంకోర్టు చాలాసార్లు చెప్పింది. నిరూపించాల్సిన భారం మీ వైపే ఉంటుంది. కాకపోతే 1964లో గుజరాత్‌కు చెందిన దహ్యాభాయ్ ఠక్కర్ కేసులో, ఆ భారం ప్రాసిక్యూషన్ మోసేంత బరువైనది కాదు, అలా ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందనిపిస్తే చాలు అని కూడా అన్నది. సంఘటనకు ముందు, ఆ సమయంలో, తర్వాత అతని ప్రవర్తన చూస్తారు. కొట్టి పారిపోయాడా, కర్ర దాచాడా, లేక 'విషం పెట్టబోయాడు, ఆపాను' అని అందరికీ చెబుతూ అక్కడే కూర్చున్నాడా? ఏది జరిగితే అదే చెప్పండి, దానికి రంగులు పూయవద్దు. పాత ఓపీ చీటీల విలువ ఇక్కడే. అరెస్టు తర్వాత పుట్టిన సర్టిఫికెట్‌ను ఎవరైనా అనుమానిస్తారు. సంఘటనకు ముందు ప్రభుత్వాసుపత్రి ముద్రతో ఉన్న చీటీని అనుమానించడం కష్టం. ఇంకో మెలిక ఉంది. తనంతట తాను తాగిన మత్తు చట్టం ముందు సాకు కాదు. ఆ రోజు తాగి ఉన్నాడా లేదా అన్నది పెద్ద ప్రశ్న అవుతుంది, వకీలుకు ముందే నిజం చెప్పండి.

రెండో ప్రశ్న మీకు ఇప్పుడే పనికొచ్చేది: ఈ రోజు అతను తన కేసును తాను అర్థం చేసుకుని వాదించుకోగల స్థితిలో ఉన్నాడా? లేడనిపిస్తే, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 367, 368 సెక్షన్ల కింద కోర్టు వైద్య పరీక్ష చేయించాలి. నిజంగానే లేడని తేలితే 369వ సెక్షన్ ఉంది. కేసు బెయిలు ఇవ్వదగ్గదైనా కాకపోయినా, ఆసుపత్రిలో ఉంచాల్సినంత తీవ్రత లేనప్పుడు, దగ్గరి ఆసుపత్రిలో క్రమంగా చూపిస్తామనీ, తనకుగానీ ఇతరులకుగానీ హాని చేయకుండా చూసుకుంటామనీ బంధువో స్నేహితుడో పూచీ ఇస్తే విడుదల చేయాలి. ఇంటికి పంపలేని స్థితి అయితే చికిత్స దొరికే చోట ఉంచాలి. మీ రాష్ట్రంలో అలాంటివాళ్లను ఎక్కువగా పంపేది విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు. తెలంగాణలో అయితే ఎర్రగడ్డ. ఈ పిటిషను వేయమని వకీలును అడగండి. వకీలుకు ఇచ్చుకోలేకపోతే 15100కు ఫోను చేయండి, లేదా కోర్టు ఆవరణలోనే ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం హక్కు.

22వ సెక్షన్ కింద నిర్దోషిగా తేలినా ఆ సాయంత్రమే ఇంటికి వచ్చేస్తాడనుకోకండి. సురక్షిత సంరక్షణలో ఉంచమనో, పూచీ తీసుకుని బంధువులకు అప్పగించమనో కోర్టు ఆదేశిస్తుంది. ఇక్కడే జాగ్రత్త కావాలి. మచాంగ్ లాలుంగ్ అనే అస్సాం గిరిజనుణ్ణి 1951లో అరెస్టు చేసి తేజ్‌పూర్ మానసిక వైద్యశాలకు పంపారు. 1967లో వైద్యులు బాగయ్యాడని చెప్పారు. ఇంటికి పంపకుండా మళ్లీ జైలుకే పంపారు. అతను బయటికి వచ్చింది 2005లో, 54 ఏళ్ల తర్వాత. విచారణ అన్నది జరగనే లేదు. అడిగే మనిషి ఒక్కరూ లేకపోవడం వల్లే ఫైలు అలా పడి ఉంది. మీ తమ్ముడికి మీరున్నారు. ప్రతి వాయిదాకూ ఇంటినుంచి ఎవరో ఒకరు కోర్టులో కనిపించాలి, తర్వాతి తేదీ ఎప్పుడో రాసుకుని రావాలి.

పక్కింటాయన గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు. తప్పుపట్టడం లేదు, మీ బాధ మీది. కానీ తల పగిలింది ఆయనకు. ఏ తప్పూ చేయకుండా, తన ఇంటి ముందు, రోజూ చూసే కుర్రాడి చేతిలో దెబ్బ తిన్నాడు. మీ తమ్ముడు రోగి కావడం వల్ల ఆయన నొప్పి తగ్గదు. ఆయన ఆసుపత్రి ఖర్చులు మీరు భరించడం న్యాయం. అయితే మీరు నేరుగా ఆ ఇంటికి వెళ్తే ఫిర్యాదు వెనక్కి తీసుకోమని ఒత్తిడి చేశారన్న మాట రావచ్చు. వకీలును అడిగి, రెండిళ్లకూ కావలసిన పెద్దమనిషి ద్వారా వెళ్లండి. కేసు ఊసెత్తకండి. జరిగినదానికి బాధపడుతున్నామనీ, ఇకమీదట మందులు ఎవరు చూసుకుంటారో ఫలానా ఏర్పాటు చేస్తున్నామనీ చెప్పండి. ఆ ఏర్పాటు ఏమిటన్నదే ఆయన వినాలనుకునేది. రోగం పేరు చెప్పి క్షమించమంటే మనసులో ఇంకా భయం పెరుగుతుంది, రోగం ఎక్కడికీ పోదు కదా అని.

మీ అబ్బాయి సంగతి చెప్పనివ్వండి. ముక్కు మేనమామది రావచ్చు. ఈ రోగం రావాలని లేదు. మామూలుగా నూటికి ఒకరికి వచ్చే రోగం ఇది. తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకు నూటికి పదిమందికి వచ్చే అవకాశం. మేనమామకు ఉంటే నూటికి ఇద్దరి నుంచి నలుగురికి. అంటే తొంభై ఆరుమందికి పైగా ఏమీ రాదు. వంశంలో రావడానికి అవకాశం ఉన్నది రోగానికే. పక్కింటాయన్ను కొట్టడం వంశంలో రాదు. మీ అత్తగారికి ఈ లెక్క మీ ఆయన చెబితే బాగుంటుంది. ఆ పిల్లవాడు వింటుండగా రోజూ ఆ మాట అనడం మాత్రం ఆపించండి. తొమ్మిదేళ్ల పిల్లవాడు ఒక రోజు కోపంతో పలక విసిరి, నాకూ మామయ్యలా పిచ్చి వచ్చేసిందేమో అని రాత్రి భయపడతాడు. కాలేజీ వయసు వచ్చాక గంజాయి జోలికి పోకుండా చూసుకోండి. ఇలాంటి కుటుంబచరిత్ర ఉన్న పిల్లలకు అది మిగతావాళ్లకంటే ఎక్కువ ప్రమాదం. ఆ మాట కూడా అప్పుడు చెబితే చాలు.

తమ్ముణ్ణి మీ ఇంట్లో పెట్టుకోవచ్చా? వెంటనే వద్దు. తోడబుట్టినవాణ్ణి వదిలేయమని కాదు నేను చెప్పేది. ఈ రోగంలో దాడి అంటూ జరిగితే ఎక్కువగా జరిగేది ముక్కూ మొహం తెలియనివాళ్ల మీద కాదు, ఇంట్లోవాళ్ల మీద, ముఖ్యంగా చూసుకునే ఆడవాళ్ల మీద. ముందు వైద్యుడు కుదుటపడ్డాడని చెప్పాలి. రోజూ మాత్ర వేసుకోమని వెంటపడే బాధ లేకుండా రెండు మూడు వారాలకో, నెలకో ఒకసారి ఇచ్చే ఇంజెక్షన్లున్నాయి. ప్రభుత్వాసుపత్రుల్లోనూ ఇస్తారు. అతనికి సరిపోతుందా అని డాక్టరును ప్రత్యేకంగా అడగండి. మానేశాడా లేదా అన్న అనుమానం, రోజూ జరిగే తగాదా రెండూ పోతాయి. తాగుడు మానడానికి విడిగా చికిత్స కావాలి. 'రోగం తగ్గితే అదే మానేస్తాడు' అనుకుంటే కుదరదు. కొన్నాళ్లు అమ్మ దగ్గర ఉండి, మీరు వెళ్లి వస్తూ, ఇంజెక్షను తేదీ మీరు, వెంట వెళ్లడం ఇంకొకరు పంచుకుంటే నాన్నగారు పోయినప్పుడు జరిగినట్టు ఒక్క మనిషితో అంతా ఆగిపోదు.

మళ్లీ ముదురుతోందనడానికి గుర్తులు మీకు ఇప్పటికే తెలుసు, ఒకసారి చూశారు: నిద్ర పట్టకపోవడం, అన్నం అనుమానంగా చూడటం, ఒక మనిషి పేరే పదేపదే రావడం, చెవిలోని గొంతులు ఫలానా పని చెయ్యమని ఆజ్ఞాపించడం. ఆ చివరిది వింటే మర్నాటి దాకా ఆగకండి. అతను ట్యాంకులో విషం ఉందంటే 'లేదు, నీకు పిచ్చి' అని వాదించవద్దు, 'అవును, ఉంది' అనీ అనవద్దు. 'నీకు భయంగా ఉంది, పద డాక్టరును కలుద్దాం' అనండి. రానంటే, 2017 చట్టం 89వ సెక్షన్ కింద నామినేటెడ్ ప్రతినిధి (తన తరఫున చూసుకోవడానికి రోగి ముందే ఎంచుకున్న మనిషి) దరఖాస్తుతో ఆసుపత్రిలో చేర్పించవచ్చు, వైద్యులు పరీక్షించి అవసరమంటే 30 రోజుల దాకా ఉంచుతారు. అతను బాగున్నప్పుడే ఆ ప్రతినిధిగా మీ పేరు రాయించి పెట్టుకోండి. ఏ వేళ అయినా 14416కు ఫోను చేస్తే టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రంలో తెలుగులో మాట్లాడతారు. ఎవరైనా వచ్చి ఫలానా ఆశ్రమంలో కట్టేసి ఉంచుతారు, నెలకు ఇంత ఇస్తే చాలు అంటే ఆ మనిషిని గుమ్మంలోంచే పంపేయండి. 2001లో తమిళనాడు ఏర్వాడిలో అలా గొలుసులు వేసి ఉంచిన చోట నిప్పంటుకుని 28 మంది పోయారు. గొలుసు వేయడం ఇప్పుడు చట్టవిరుద్ధం.

అతనికి మళ్లీ ఏదో ఒక పని కావాలి. పాత పనే దొరకాలని లేదు, రోజుకు నాలుగు గంటలైనా చాలు. ఈలోగా వైకల్య ధ్రువపత్రం ఇచ్చే సదరం క్యాంపులో చూపించండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక రోగం కూడా ఉంది. 40 శాతం, ఆపైన అని వస్తే పింఛను ఉంటుంది. ఇంట్లో నెలకు తనవంతు కొంత తెచ్చే మనిషిని అందరూ కొంచెం వేరుగా చూస్తారు, ఇది చెప్పుకోవడానికి బాగుండదు కానీ నిజం.

ఒక్క సంగతి మిగిలింది. ఇంత పెద్ద ఉత్తరంలో మీ ఆయన గురించి ఒక్క మాటా లేదు. 369 కింద కోర్టులో పూచీ మీద సంతకం పెట్టేది మీరే అయితే, తమ్ముడు ఎవరికైనా హాని చేయకుండా చూసుకుంటానని కోర్టుకు మాట ఇస్తున్నట్టు. అది మీ ఇంటి మీదా పడుతుంది. వకీలు దగ్గరికి వెళ్లేముందు ఆయనతో కూర్చుని, అత్తగారు లేని వేళ చూసి, ఈ విషయం మొత్తం మాట్లాడండి. ఆయన వెనుకాడితే కోపం తెచ్చుకోకండి, మీ పెదనాన్న బాబాయిల పిల్లల్లో ఎవరు ముందుకొస్తారో అమ్మగారిని అడగండి. సంతకం బంధువుదో స్నేహితుడిదో అయితే చాలు, అక్కదే కావాలని చట్టం అనలేదు.